బండెక్కిన పెట్టె

లవీనా నాటిన ప్లమ్ చెట్ల పళ్ళు లవీనా తినలేదు. డ్రై ఫోర్క్ ఊరి చర్చి సంఘం తిన్నది. ఇందులో వాదనకు తావు లేదు.

ఆమె భర్త తాడియస్ విక్లండ్ మెథడిస్టు పాస్టరు. నెబ్రాస్కా గడ్డిమైదానంలో ఆ రోజుల్లో మెథడిస్టు పాస్టరంటే రెండు గుర్రాలు, ఒక బండి, ఎప్పుడూ పూర్తిగా సర్దని ఒక పెట్టె. ఏటా సెప్టెంబరులో బిషప్పు మహాసభలో పేర్లు చదివేవాడు. పేరు పక్కన ఏ ఊరు వస్తే ఆ ఊరికి పోవాలి. తొమ్మిదేళ్ళలో వాళ్ళు అయిదు ఊళ్ళు మారారు. ప్రతి ఊళ్ళోనూ లవీనా ప్లమ్ మొక్కలు నాటింది. ఒక్కచోటా కాపు చూడలేదు. డ్రై ఫోర్క్‌లో రెండేళ్ళు గడిచాయి. మూడో ఏడు ఉండటానికి నియమం ఒప్పుతుంది. మొక్కలు ఆమె భుజం దాకా వచ్చాయి.

"వచ్చే వేసవికి కాస్తాయండీ. జిల్లా పెద్దగారిని అడుగుతారా?"

"అడుగుతాను," అని తాడియస్ మాటిచ్చాడు.

బిషప్పుకు ఎవరిని ఎక్కడ వేయాలో చెప్పేది జిల్లా పెద్ద గాస్కిల్. ఆయన శనివారం వస్తున్నాడు. బస పాస్టరు ఇంట్లోనే. గురువారం ఉదయం లవీనా మంచం పట్టెల సందుల్లో నల్లులను చూసింది.

"ఇల్లంతా ఖాళీ చేసి మరిగే నీళ్ళు పోయాలండీ."

"ఇవాళేనా?"

"గాస్కిల్ గారి వీపు దద్దుర్లెక్కాక పోద్దామా? ఇంకో మాట. ఎవరడిగినా నల్లులని చెప్పకండి. మార్తా ప్రూయిట్ చెవిన పడిందంటే తల ఎత్తుకోలేను."

మట్టిగడ్డలతో కట్టిన ఒంటిగది ఇల్లు. అరగంటలో ఖాళీ అయింది. నేల తడిగా ఉందని తాడియస్ పరుపు, కుర్చీలు, పెట్టె బండి మీదికి ఎక్కించాడు. సరిగ్గా అప్పుడే మార్తా ప్రూయిట్ గుడ్ల బుట్టతో అటుగా వచ్చింది. సెప్టెంబరు నెల, పాస్టరు ఇల్లు, బండి మీద పెట్టె. మెథడిస్టు కళ్ళకు ఇంకేమీ చెప్పనక్కరలేదు.

"అయ్యగారూ, ఏంటిది?"

తాడియస్ అబద్ధమాడడు. నిజం చెప్పనని భార్యకు మాటిచ్చాడు. "అంతా దేవుడి చిత్తం, సిస్టర్," అన్నాడు.

మార్తా లోపలికి తొంగి చూసింది. మరిగే నీళ్ళలో కలిపిన టర్పెంటైన్ ఘాటుకు లవీనా ముంజేత్తో కళ్ళు తుడుచుకుంటోంది. మార్తా బుట్ట అక్కడే వదిలి పరుగెత్తింది.

మధ్యాహ్నం మూడింటికల్లా సంఘమంతా వాకిట్లో ఉంది. నాలుగు తీపి పై రొట్టెలు, మూడు కోళ్ళు, ముక్కముక్కకీ ఒక ఇల్లాలి పేరు కుట్టిన బొంత. వెళ్ళిపోయే పాస్టరుకు బొంత ఇవ్వడం అక్కడి మర్యాద. నిజానికి అది అంతకుముందు పాస్టరు కోసం మొదలుపెట్టినది. వాళ్ళు కుట్టడం పూర్తిచేసేలోగా ఆయన ఊరు వదిలి ఏడాదైంది.

"చూడండి, మేము..." అని తాడియస్ ఎత్తుకున్నాడు.

మార్తా భర్త ఈబెన్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ముందు నన్ను చెప్పనివ్వండి అయ్యగారూ. మీ ప్రసంగాలు మరీ సాగుతాయని జిల్లా పెద్దగారికి ఉత్తరం రాసింది నేనే. పోతున్నారు కదా, మనసులో ఎందుకని."

"ఒక్కటేనా?"

"మూడు."

ముసలి హైరం ముందుకొచ్చాడు. "పోయిన చలికాలం మీ పిడకల కుప్ప తరిగింది చూశారూ. అది గాలికి కాదు."

"అమ్మగారిది మేక గొంతని అందరికీ చెప్పింది నేను," అని మార్తా ముక్కు చీదింది. లవీనా గుమ్మంలో నిలబడి వింది.

ఆపైన వరుస కట్టారు. రెండేళ్ళ ప్రసంగాలకు ఒక్కరూ ఇంతగా పశ్చాత్తాపపడలేదు. చెప్పుకున్నవాళ్ళ మొహాలు తేటపడుతున్నాయి. చివరికి అందరూ కలిసి వీడ్కోలు పాట ఎత్తుకున్నారు. వాగు పొంగేలా ఉందని రెండు రోజులు ముందే బయలుదేరిన గాస్కిల్ ఆ పాట మధ్యలో గుర్రం దిగాడు.

"ఏమైంది? మూడో ఏడూ ఈయన్ని ఇక్కడే ఉంచుదామని నేనొస్తుంటే?"

పాట ఆగింది.

"అయితే పోవడం లేదా?" అన్నాడు ఈబెన్.

తాడియస్ లవీనా వైపు చూశాడు. లవీనా ప్లమ్ మొక్కల వైపు చూసింది. తర్వాత అందరికీ వినపడేలా చెప్పింది.

"నల్లులు. ఇంట్లో నల్లులు పడ్డాయి. దులుపుకుంటున్నాం. మేమెక్కడికీ పోవడం లేదు."

ఆమె ఏ ప్రార్థన కూటంలోనూ అంత కష్టమైన సాక్ష్యం చెప్పలేదు. సంఘం రెండడుగులు వెనక్కి వేసింది. నల్లులకు భయపడి కాదు. పోయేవాడని చెప్పుకున్న తప్పులతో, ఉండిపోయేవాడి ఎదుట ఆదివారం ఆదివారం కూర్చోవాలి.

"మంచిదే," అన్నాడు గాస్కిల్. "అయ్యగారు ఉండాలనేవాళ్ళు చేతులెత్తండి."

ప్లమ్ ఆకులు గాలికి కదిలాయి. చేతులు కదలలేదు.

గాస్కిల్ నేలచూపులు చూశాడు. "సీడర్ బెండ్‌లో పాస్టరు లేడు బ్రదర్. బండి ఎలాగూ సర్దేశావు."

లవీనా ఆ తర్వాత ఇంకో రెండు ఊళ్ళలో మొక్కలు నాటింది. రెండో ఊళ్ళో చలిజ్వరం వచ్చి చనిపోయింది. ఇప్పుడు తాడియస్‌కు డెబ్భై. బొంత చలికి పనికొస్తుంది. మార్తా పేరున్న ముక్క కాళ్ళవైపు ఉండేలా కప్పుకుంటాడు. తలకు గుడ్డ కట్టుకుని, మంచం పట్టెల మీద నీళ్ళు పోస్తూ లవీనా పాడిన పాట ఆయనకు ఇంకా వినిపిస్తుంది. మేక గొంతే. ఆ గొంతు మళ్ళీ వినడానికి ఎన్ని ఊళ్ళయినా మారతాడు.

ఒక వేసవిలో ప్రూయిట్‌ల నుంచి ప్లమ్ మురబ్బా జాడీ వచ్చింది. 'మీ చెట్లవే' అని చీటీ. ఆయన మూత తియ్యలేదు.

అలమరలో దాన్ని చూసి కొత్త జిల్లా పెద్ద అడిగాడు. "డ్రై ఫోర్క్ వాళ్ళు పంపారా? ప్రేమ గల మనుషులనుకుంటా."

"ఆ ఊరి నుంచి ప్రేమకొద్దీ మా వెంట సీడర్ బెండ్ దాకా వచ్చినవి నల్లులొక్కటే," అన్నాడు తాడియస్. "ఆ సంగతి ఇంతటితో సరి. మళ్ళీ నా నోట రాదు."