పాతర గడ్డి పరీక్ష

ఆ ఉదయం పాడి రైతు పెట్టుకున్న పని ఒక్కటే. పచ్చి మొక్కజొన్నను కంకులతో సహా ముక్కలు కొట్టించి, గోతిలో పోసి, ట్రాక్టరుతో తొక్కించి, గాలి చొరకుండా పట్టా కప్పి నలభై అయిదు రోజులైంది. ఆ పాతర గడ్డి ఎలా కుదిరిందో ల్యాబులో చూపించుకు రావాలి. ఎండాకాలమంతా పద్దెనిమిది ఆవులకు అదే ఆధారం. అది చెడితే సగం ఆవుల్ని అమ్ముకోవలసిందే.

పట్టా ఒక మూల ఎత్తి, రెండు గుప్పిళ్ళు తీసి, స్టీలు డబ్బాలో మూత బిగించి వంటింటి గట్టు మీద పెట్టాడు. స్నానం చేసి వచ్చి, డబ్బా సంచిలో వేసుకుని బండెక్కాడు.

ఆయన భార్య బడిలో లెక్కల టీచరు. బరువు తగ్గాలని నెల రోజులుగా మధ్యాహ్నం పూట తరిగిన ఆకుకూర, మొక్కజొన్న గింజలు మాత్రమే తింటోంది. ఆ డబ్బా కూడా స్టీలుదే. అదీ ఆ గట్టు మీదే ఉంది.

ల్యాబు మేడమ్‌కు జలుబు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, డబ్బాలోది నాలుగు చెంచాలు మిషన్లో వేసింది. పది నిమిషాల్లో కాగితం బయటికొచ్చింది.

"ఇంత నూనె ఎక్కడిదండీ ఇందులో? ఉప్పూ ఎక్కువే. పశువులకు మాత్రం పెట్టకండి."

"మాంసకృత్తులైనా ఉన్నాయా మేడమ్?"

"అవి బానే ఉన్నాయిగానీ, ఏం లాభం?"

రైతుకు నూనె అనగానే బావమరిది ట్రాక్టరు గుర్తొచ్చింది. అది నిలబెట్టిన చోటల్లా నల్లటి మడుగు కడుతుంది. మెట్ల మీద నుంచే ఫోను కొట్టాడు.

"ఏరా, నీ డొక్కు ట్రాక్టరు నా గోతిలో ఎన్ని లీటర్లు కక్కింది?"

"బావా, మాట తిన్నగా రానీ! దానికి పోయిన నెలే రిపేరు చేయించా."

"కాగితం అబద్ధం చెప్తుందా?"

"ఉండు, గొయ్యి దగ్గరికే వస్తున్నా. అక్కడే తేల్చుకుందాం."

తర్వాత ఉప్పు సంగతి. తండ్రికి చేశాడు.

"నాన్నా, గోతిలో ఉప్పు చల్లావా?"

"రెండు గుప్పిళ్ళేరా. మంచిదని చల్లా."

"గుప్పిళ్ళా, బస్తాలా?"

పెద్దాయన ఠక్కున ఫోను పెట్టేశాడు.

రైతు ఇల్లు చేరేసరికి పట్టా మొత్తం పీకి పారేసి ఉంది. బావమరిది గోతిలో దిగి, నూనె చుక్క చూపించమని సవాలు చేస్తూ గడ్డి తవ్విపోస్తున్నాడు.

"గాలి తగిలితే పాడైపోతుందిరా!"

"పనికిరాదన్నావుగా! ఇంక గాలి తగిల్తే ఏంటి, వాన తగిల్తే ఏంటి?"

అంతలో తండ్రి తట్ట నిండా అదే గడ్డి ఎత్తుకుని పంతంగా ఆవుల దగ్గరికి బయల్దేరాడు. "పెట్టకు నాన్నా, చస్తాయి!" అంటూ రైతు తట్ట ఇటు లాగాడు. పెద్దాయన అటు లాగాడు. తట్ట కాస్తా రైతు నెత్తిన బోర్లాపడింది. ఆవులు ఎగబడి, ఆయన భుజాల మీది గడ్డిని ఆవురావురుమని తినసాగాయి.

అప్పుడే సగం రోజు సెలవు పెట్టి భార్య గేటు తోసుకుని వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా.

"పేపర్లు దిద్దుకుంటూ చూసుకోకుండా ఓ చెంచా నోట్లో పెట్టుకున్నానండీ! స్టాఫ్ రూమంతా పులుపు కంపు. నన్ను పంతొమ్మిదో ఆవును చేద్దామనుకున్నారా?"

మగవాళ్ళు ముగ్గురూ డబ్బా వంక చూశారు. తర్వాత ఇద్దరు రైతు వంక చూశారు. గడ్డి మొహంతోనే ఆయన ఇద్దరికీ చేతులు జోడించాడు.

"దండాలు తర్వాత. ముందు పట్టా కప్పండి" అంది భార్య. నలుగురూ లాగి కప్పి, బరువులు పెట్టారు. చేతులు దులుపుకుంటూ ఆవిడ అడిగింది. "ఇంతకీ నా డబ్బా ఏం చేశారు?"

"మిషన్లో వేశారు."

"ఏమందేంటి?"

"చదువు బావా" అన్నాడు బావమరిది, ఇంకా కోపం చల్లారక. "గట్టిగా చదువు, అక్క వింటుంది."

రైతు జేబులోంచి కాగితం తీశాడు. "మాంసకృత్తులు చాలా బాగున్నాయట" అని చదివాడు.

"ఇంకా?"

మిగతా రెండు పంక్తులనూ అప్పటికే కర్రావు నములుతోంది.