తూర్పు గట్టు బాణీ

ఈ కథ మొదట చెప్పింది సాలూరు పైన మేకలు కాసే గౌరన్న. తరవాత చెప్పినవాళ్లంతా నక్కకి భయపడి సగం మింగేశారు. వాళ్ల పేర్లు ఇక్కడ అనవసరం.

ఒక పెద్ద అడవిలో, తూర్పు గట్టున సూరప్ప అనే వడ్రంగిపిట్ట ఉండేవాడు. ఎండుమాను మీద ముక్కుతో దరువు వేసేవాడు. పెళ్లికొక దరువు, పురుడికొకటి, పోయినవాళ్లని సాగనంపడానికొకటి. రాజుగారింట ఏ శుభకార్యమైనా మొదటి దరువు అతనిదే. ఏడు తరాలుగా సూరప్ప ఇంటికున్న మర్యాద అదొక్కటే.

రాజసభ కార్యదర్శి నక్క ఒక పెట్టె తెప్పించింది. ఆ పెట్టె ఏ గట్టు దరువైనా ఒక్కసారి వింటే నేర్చేసుకుని, ఆ బాణీలో తనే వాయిస్తుందట.

నక్క తూర్పు గట్టుకి వచ్చిన రోజే ముసలి ఎలుగుబంటి పోయింది. సూరప్ప సాగనంపు దరువు వేస్తున్నాడు.

"ఇది పెట్టెకి వినిపించకు బాబూ. శవం ముందు వేసేది. రేపు రా, పెళ్లి దరువు వేస్తాను."

"రేపు పడమటి గట్టుకి పోవాలి మామా. మాకు బాణీ కావాలి గానీ, ఎందుకు వాయిస్తున్నావో మాకెందుకు?"

"ఎందుకో తెలీకపోతే అది దరువు కాదురా, చప్పుడు."

"ఆ మాట కూడా పెట్టె నేర్చుకుందిలే," అని నక్క మూత వేసేసింది.

నెల తిరక్కుండా రాజుగారి కూతురి పెళ్లి. సూరప్పకి కబురు రాలేదు. పిలవని చోటికి వెళ్లే రకం కాదు గనక, మాను మీదే కూర్చుని చూశాడు.

సంగీత సభ అధ్యక్షులు గాడిదగారు లేచి, "ఇప్పుడు అచ్చమైన తూర్పు గట్టు బాణీ," అని మీట నొక్కారు. పెట్టె సాగనంపు దరువు అందుకుంది. ఒక్క దెబ్బ తప్పలేదు.

ఆ అడవిలో ఆ దరువు విన్నవాళ్లు భోజనం ముట్టరు. వెళ్లొస్తామని చెప్పరు. ఏట్లో తల ముంచుకుని ఇంటికి పోతారు. జింకలు లేచాయి. ఏనుగులు లేచాయి. అందరికంటే ముందు పెళ్లికొడుకు లేచాడు. పెళ్లికూతురు దండ పట్టుకుని అలాగే నుంచుంది.

"బాణీ బాగానే కుదిరింది కదా, ఎక్కడికి?" అన్నారు గాడిదగారు.

రాజు విచారణ వేశాడు. విచారణాధికారి నక్క. దస్త్రంలో ఇలా రాసింది: "పెట్టె నేర్చుకున్నది సూరప్ప దగ్గర. కాబట్టి పెళ్లిలో చావు దరువు వేసింది సూరప్ప." మొదటి దరువు మర్యాద రద్దయింది.

సూరప్ప సభకి వెళ్లి, "నన్ను పిలవనే లేదు కదా, మహాప్రభూ!" అన్నాడు.

"పిలవకుండానే వాయించావా? ఎంత పొగరు!" అన్నాడు రాజు.

నీతి: పనికి పిలవకపోయినా ఫరవాలేదు, నిందకి పేరు దొరికితే చాలు.

ఆ దస్త్రం ఇంకా సభలోనే ఉందట. చదువు బాగా వచ్చినవాళ్లు ఎవరైనా అటు వెళితే, ఆ ఒక్క వాక్యం కొట్టేసి, ఆ రోజు వాయించింది పెట్టె అని రాయండి.