కదిలితేనే వెలిగే బల్బు

నవ్వనని మాటిస్తేనే చెబుతాను.

మా వంటింట్లో సింకు మీది ట్యూబులైటు మాడిపోయింది. "తెల్లగా వెలిగే ఎల్‌ఈడీ ఒకటి తెండి, చాలు. అలాగే ఇవాళ్టినుంచి సాయంత్రం గిన్నెలు మీరు తోమండి. పొద్దుట్నుంచీ నిలబడే ఉంటున్నాను" అంది మా ఆవిడ.

"నేను మాత్రం ఖాళీగా ఉంటున్నానా?" అన్నాను, సోఫాలోంచి లేవకుండానే.

షాపులో కొత్తరకం ఎల్‌ఈడీలు చూపించారు. మనిషి కదిలితే వెలుగుతాయి, కాసేపు ఎవరూ కదలకపోతే వాటంతటవే ఆరిపోతాయి. గిన్నెల పని తప్పించుకునే దారి నాకు వెంటనే దొరికింది. సింకు మీద ఒకటి, హాల్లో ఒకటి బిగించాను.

"పందెం! వంటిల్లు నీది, హాలు నాది. సాయంత్రం ఎవరి గదిలో లైటు ఎక్కువసేపు వెలిగితే వాళ్లే దుబారా మనిషి. గిన్నెలు వాళ్లవే."

"సరే" అంది. మా ఆవిడ అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నేను భయపడాల్సింది.

పేపరు పట్టుకుని సోఫాలో చేరాను. మొదటి వార్త సగంలో ఉండగా హాలు చీకటైంది. చెయ్యి ఊపితే వెలిగింది. మళ్లీ ఆరింది. కాళ్లూ చేతులూ కలిపి ఊపాను. ఎదురింటాయన కిటికీలోంచి ఇదంతా చూసి, చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందండీ? కరెంటు షాకా?"

"పేపరు చదువుతున్నానండీ."

ఆ సందడికి మా అత్తగారు లోపలి గదిలోంచి వచ్చారు. "అయ్యో అల్లుడుగారూ, ఇంట్లోనే ఉన్నారా! హాలు చీకటిగా ఉంటే బయటికెళ్లారనుకుని మీ కాఫీ నేనే తాగేశాను."

కాఫీ పోయినా పందెం నాదే. అందరినీ వంటింట్లోకి నడిపించాను. "చూడండి, ఇక్కడ లైటు ఒక్కసారీ ఆరలేదు!"

"ఎందుకారలేదో అమ్మకి చెప్పండి" అంది మా ఆవిడ.

"కదిలే మనిషి ఉంటే ఆరదు అత్తయ్యగారూ. కదలకపోతేనే ఆరుతుంది" అని ఉత్సాహంగా వివరించాను.

"అంటే మా పిల్ల సాయంత్రం నుంచీ ఒక్కచోట కూర్చోలేదన్నమాట" అన్నారావిడ. "మరి హాల్లో?"

నేను బల్బు వైపు చూశాను. ఎదురింటాయన నా వైపు చూశాడు.

"పోన్లే అమ్మా, పందెం ఆయనే గెలిచారు" అంటూ మా ఆవిడ కొంగు బిగించి గిన్నె అందుకుంది. నొప్పెడుతున్న కాలు మార్చి రెండో కాలిమీద నిలబడింది. నిజం చెప్పొద్దూ, సిగ్గేసింది. ఆవిడ చేతిలోని పీచు లాక్కున్నాను.

ఎదురింటాయన వెళ్లిపోయాడు. మా ఆవిడ వెళ్లి సోఫాలో వాలింది. కాసేపటికి హాలు చీకటైంది.

"లైటు కావాలా?" అని కేకేశాను.

"వద్దు. ఇలాగే హాయిగా ఉంది."

అంత హాయి నాక్కూడా కావాలనిపించి, సబ్బు చేతులతోనే గోడకానుకుని కాస్త ఊపిరి పీల్చుకున్నాను. సింకు మీద లైటు టప్పున ఆరిపోయింది.

"ఏవండీ" అని చీకట్లోంచి వినిపించింది, "తోమడం ఆపినట్టున్నారే!"