ఎర్రసిరా ముట్టని కాగితం చెల్లదు

మిర్యాలగూడలోని ఒకానొక కాలువల కార్యాలయానికి పంతొమ్మిది వందల తొంభై ఆరులో కంప్యూటరు వేంచేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. కార్యాలయం ఏదో చెప్పను. అలాంటివి మీ ఊళ్లోనూ ఉన్నాయి. కంప్యూటరుకు కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి, ఆ గదిలోకి చెప్పులతో రాకూడదని బోర్డు రాయించారు. దాని ముందు కూర్చోవడానికి సూర్యాపేటలో ఆరు నెలల కోర్సు చేసిన సరోజను నియమించారు. పొరపాటు అక్కడే జరిగింది. ఆ అమ్మాయికి పని వచ్చు.

ఏ చిత్తుప్రతీ తప్పుల్లేకుండా పెద్దల ముందుకు వెళ్లరాదన్నది ఈ కార్యాలయ సంప్రదాయం. పాత టైపిస్టు వినయశీలి. హెడ్ క్లర్కు బ్రహ్మయ్యగారి కోసం మూడు తప్పులు, ఆఫీసరు నాగేశ్వర్ రావుగారి కోసం ఐదు తప్పులు ఏరికోరి వదిలేవాడు. వారు వాటిని ఎర్రసిరాతో దిద్ది, దేశం తమ మీదే నడుస్తోందని నమ్మి టీ తాగేవారు. సరోజ మాత్రం తప్పులన్నీ తెర మీదే దిద్దేసి తెల్లటి కాగితం తెచ్చిపెట్టింది.

"గిట్ల సాఫ్‌గ తెస్తే ఎట్లమ్మా? సారు పెన్ను ఏడ పెట్టాలె?" అన్నాడు బ్రహ్మయ్య.

కోదాడ నుంచి బదిలీపై వచ్చిన నాగేశ్వర్ రావుగారు సిబ్బందినంతా పిలిచి ఉపన్యసించారు. "తెర మీద దిద్దితే దిద్దినట్టు సాక్ష్యం ఏదండీ? రేపు పైవాళ్లొచ్చి నువ్వేం చేశావయ్యా అంటే ఏం చూపించను? కాగితం ఎర్రబడితేనే ప్రభుత్వం పనిచేసినట్టు!" చప్పట్ల మధ్య ఉత్తర్వు వెలువడింది: తెర మీద దిద్దుబాటు నిషేధం.

అదే వారం మాడుగులపల్లి దగ్గరి తండా నుంచి గేమ్యా అర్జీ తెచ్చాడు. 17వ తూముకు నీళ్లు రావడం లేదు. రెండెకరాల వరి పొట్ట మీదుంది. పది రోజుల్లో తడి అందకపోతే మిగిలేది తాలు. గేట్లు తెరిచేవారికి ఒక ఉత్తరం రాయాలి, అంతే.

బ్రహ్మయ్యగారు నిరుటి ఉత్తరం ముందు పెట్టుకుని చిత్తుప్రతి రాశారు. సొంతంగా రాయడం ఉద్యోగ ధర్మం కాదని ఆయన నమ్మకం. సరోజ కొట్టింది, ప్రింటరు కీచుమంది, ఎర్రసిరా పారింది. "కోరుచున్నాము" అన్నదాన్ని బ్రహ్మయ్యగారు "కోరడమైనది" చేశారు. ఆఫీసరుగారు మళ్లీ "కోరుచున్నాము" చేశారు. "సత్వరమే" అనాలా "తక్షణమే" అనాలా అన్నదానికి మూడు రోజులు పట్టింది. గేమ్యా రోజూ వచ్చి వరండాలో కూర్చున్నాడు. ఎనిమిదో రోజుకు ఉత్తరం తయారైంది:

"9వ తూము కింద ఎండుచున్న పైరును కాపాడుటకై తక్షణమే నీరు విడుదల చేయవలసినదిగా సవినయముగా కోరుచున్నాము."

ఏం నడక! ఏం వినయం! సంతకం కూడా అయింది.

గేమ్యాకు అక్షరాలు రావు. తూము రాయి మీది అంకె చూస్తూ పెరిగినవాడు కనుక అంకెలు మాత్రం వచ్చు. "సారూ, మాది పదిహేడు. గిది తొమ్మిదున్నది. గా తొమ్మిదిల నీళ్లు పొర్లుతున్నయ్," అన్నాడు.

అది నిరుటి ఉత్తరంలోని తూము. అంత ఎర్రసిరాలో ఒక్క చుక్కయినా దాని మీద పడలేదు.

"ఒక్క నిమిషం సార్, తెర మీద మార్చి ఇప్పుడే తీసిస్త," అని సరోజ లేచింది.

"సంతకమైన కాగితాన్ని తెర మీద మారుస్తావా?" నాగేశ్వర్ రావుగారు నివ్వెరపోయారు. "మళ్లీ చిత్తుప్రతి నుంచి రానివ్వండి."

"నిమిషం పనంటున్నది గదా సారూ. జర కొట్టనియ్యున్రి. పైరు సచ్చిపోతది," అని గేమ్యా చేతులు జోడించాడు. ఆ చేతులు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

రెండో విడతకు మరో ఏడు రోజులు పట్టింది. ఎలాగూ ఫైలు తెరిచారు కదా అని భాషను ఇంకాస్త మెరుగుపరిచారు. ఉత్తరం వెళ్లింది, మర్నాడే నీళ్లు వచ్చాయి.

"నీళ్లొచ్చినయా?" అని ఆ తర్వాత బజారులో కనిపించిన గేమ్యాను బ్రహ్మయ్య గర్వంగా అడిగాడు.

"వచ్చినయి. ఎండిన చేన్ల మేకలు మేస్తుండె. తాగినయి."

ఆ ఉత్తరాన్ని వచ్చే ఏటికి నమూనాగా ఫైలులో భద్రపరిచారు. నాగేశ్వర్ రావుగారికి ప్రమోషన్ వచ్చి ఆయన కుర్చీ ఖాళీ అయింది.

నవ్వుతున్నారా? ఆ ఉత్తరం పైన మీరూ చదివారు. గేమ్యా నోరు విప్పేదాకా తూము నంబరు మీ కంట పడిందా? పడనివారు సొంత ఎర్ర పెన్నుతో ఆ కుర్చీకి దరఖాస్తు చేసుకోవచ్చు.