తుమ్మ మీద పాలపిట్ట

దసరా నాడు పొద్దున గుమాస్తా రాజం పెట్టుకున్న వ్రతం ఒక్కటే: రాత్రి పడుకునేదాకా ఎవరి తప్పూ దిద్దకూడదు. ఇది అతనికి ఉపవాసం కన్నా కష్టం. పురోహితుడి ముహూర్తం నుంచి పక్కింటి పప్పులో ఉప్పు దాకా దేన్నీ వదిలే మనిషి కాడు. వెనకటి తహసీల్దారు ఒకసారి జొన్న చేనును సజ్జ చేనంటే, రైతులందరి ముందూ "జొన్న, సార్" అన్నాడు. ఆ మాటకు బదిలీ అయి మహదేవపూర్ అడవిలో మూడేళ్లు చలిజ్వరంతో వణికి, నిరుడే హుస్నాబాద్ చేరాడు.

"ఇగో, ఇనుండ్రి," అంది భార్య కొమురవ్వ, రుమాలు అందిస్తూ. "కొత్త సారు గుర్రాన్ని గాడిదంటే మీరు గూడ గాడిదే అనుండ్రి. మల్ల గా అడవికి నేను రాను. పోరగాండ్లకు జరమొస్తె సూదేసెటోడు లేడు ఆడ."

"నేనేమన్న పిచ్చోన్నా?" అన్నాడు రాజం.

కొమురవ్వ రుమాలు తనే అతని తలకు బిగించి చుట్టింది.

కొత్త తహసీల్దారు బందరు వైపు మనిషి. రెండు ప్రాంతాలూ ఒక రాష్ట్రమై ఐదారేళ్లే అయింది కనుక, ఆయనకు ఇక్కడి సంగతులు తెలియవని రాజం ముందే తీర్మానించుకున్నాడు. పొద్దుగూకే వేళ ఊరంతా డప్పులతో పొలిమేర వాగుకు కదిలింది. పాలపిట్ట కంటబడితేనే జమ్మి దగ్గరికి పోవడం, ఆకు పంచుకోవడం. పిట్ట కనబడని ఏడాది కలిసిరాదని అందరి భయం.

వాగొడ్డున తహసీల్దారు ఆగి వేలు చూపాడు. "అదిగోనయ్యా, పాలపిట్ట!" అని దండం పెట్టుకుని, పటేలుతో మాట్లాడుతూ జమ్మి వైపు సాగాడు.

రాజం ఆ వేలు చూపిన వైపే చూశాడు. వాగు మీది టెలిగ్రాఫ్ తీగపై లకుముకి పిట్ట కూర్చుని ఉంది. గోధుమ రంగు తల, పొడుగాటి ఎర్రముక్కు. పాపం, నీలం రెక్క చూసి మోసపోయాడు అనుకున్నాడు. నాలుక దురద పెట్టింది. మహదేవపూర్ దోమలు యాదికొచ్చి, రాజం కూడా తీగకు దండం పెట్టాడు.

పక్కనే ముసలి భూమవ్వ కళ్లు చిట్లించింది. "కొడుకా, గది లకుముకి గాదా?"

"పాలపిట్టనే అవ్వా. సారు జెప్పిండు."

"సారు జెప్తె? దాని మూతి జూడు, ఎంత పొడుగున్నదో!"

"ముసల్దయింది అవ్వా. మూతి పెరిగింది."

అంతలో పిట్ట నీళ్లలోకి దూకి, చేపతో లేచి, మళ్లీ తీగ మీద వాలింది.

"పాలపిట్ట శాపలెప్పుడు పట్టింది గుమాస్తా సాబ్?" అన్నాడు కావలికారు హనుమండ్లు.

"వానల్లేవు, పురుగుల్లేవు. అది మాత్రం ఏం దిని బతుకాలె?"

అందరినీ దిద్దే రాజమే ఒప్పుకున్నాడంటే నిజమే అయ్యుంటుందని సగం మంది తీగకు మొక్కారు. మిగతా సగం, అసలు పిట్టను చూడనిదే జమ్మి ముట్టమని ఇసుకలో కూలబడ్డారు. ఇద్దరి మధ్యా తిట్లు మొదలయ్యాయి. "అందరు తీగ దిక్కే సూడుండ్రి!" అని రాజం గొంతు చించుకున్నాడు.

గోల విని తహసీల్దారు వెనక్కి వచ్చాడు. "ఏంటయ్యా ఇది?"

"మీరు సూపెట్టింది తీగ మీది పిట్టనేనట సార్, గీ రాజం అంటుండు," అన్నాడు హనుమండ్లు.

"తీగ మీదా? నేను చూపింది ఆ వెనక తుమ్మ చెట్టు మీదది కదా!"

అందరూ తలలు తిప్పారు. తుమ్మకొమ్మ ఖాళీగా ఉంది. అరుపులకు బెదిరి పిట్ట ఎప్పుడో పోయింది.

"ఊరందరి పండుగ ముంచితివి గద కొడుకా!" అని భూమవ్వ నెత్తి కొట్టుకుంది.

తహసీల్దారు రాజాన్ని వింతగా చూశాడు. "ఇక్కడివాడివే కదా నువ్వు? పాలపిట్టకీ లకుముకికీ తేడా తెలీదా?"

తెలుసంటే తెలిసే ఊరును మోసం చేసినట్టు. రాజానికి ఏడుపొచ్చినంత పనైంది. "తెల్వది సార్," అన్నాడు.

"పిట్టే తెలీనివాడివి పైర్ల లెక్కలేం రాస్తావయ్యా? కొన్నాళ్లు అడవిలో ఉంటే అన్నీ అవే తెలుస్తాయి. మహదేవపూర్‌లో ఖాళీ ఉందట."

కొమురవ్వ రానంటే రానంది. చివరికి క్వినైన్ బిళ్లలు మూటగట్టుకుని బస్సెక్కింది. బస్సు దిగేసరికి తాలూకా కచేరీ ముందు కొమ్మ మీద పాలపిట్ట, రెక్కలు విప్పి మరీ కూర్చుని ఉంది. సామాను మోయడానికి వచ్చిన జవాను లచ్చయ్య దాన్ని వేలెత్తి చూపాడు. "సూసిండ్రా సార్, లకుముకి పిట్ట!"

"కావచ్చు," అన్నాడు రాజం.