దొరగారి పులికి చింతపండు

మస్కట్‌లో కొలువు చేసే సూర్యప్రకాశ్‌కి పెళ్ళాం కళ్ళు కప్పడమంటే మహా సరదా. ఎన్నడూ కప్పలేకపోయాడన్నది వేరే సంగతి.

పంతొమ్మిదివందల డెబ్భై ఆరులో ఆయన అక్కడి మత్రా బజారు నుంచి ఓ కంచుపులిని మోసుకొచ్చాడు. నూరేళ్ళ కిందట జపాన్‌లో పోతపోసి, తెల్లదొరల ఇళ్ళకని ఓడెక్కించిన సరుకు. ఒళ్ళంతా నల్లబడి ఉంది.

"దీన్ని తోమేవు సుమా శేషూ! ఆ నలుపే దీని విలువ. తోమితే మా ఆఫీసు దొర ముట్టుకోను కూడా ముట్టుకోడు."

"దొరకా? ఎందుకండీ?"

"పాత కంచంటే ఆయనకి ప్రాణం. శుక్రవారం భోజనానికొస్తాడుగా, ఇచ్చేద్దాం. మనం వెళ్ళిపోయేముందు ఓ జ్ఞాపకం!"

పులిని పట్టుపంచెలో చుట్టి బీరువా మీద పెట్టాడు.

శేషుకుమారి తెనాలి బళ్ళో టీచరు. రెండేళ్ళు సెలవు పెట్టి మొగుడి వెంట వచ్చింది. జూన్‌లో బడి తెరిచేనాటికి చేరకపోతే ఉద్యోగం ఊడుతుంది. "రెండేళ్ళే, నీమీదొట్టు" అన్నది ఈ మహానుభావుడే.

ఆ సాయంత్రం పక్కవాటా సర్వరీ బేగం నవ్వుతూ వచ్చింది. ఆమె భర్తదీ అదే ఆఫీసు.

"ముబారక్ అక్కా! ఇంక మూడేండ్లు ఈడ్నే ఉంటరంట గద! మీ ఆయన అడిగిండంట. సాబ్ సోంచాయిస్త, ఆలోచించి చెప్త అన్నడంట."

దొరకి పులి ఎందుకో శేషుకుమారికి అర్థమైంది. వెళ్ళి చింతపండు నానబెట్టింది.

శుక్రవారం భోజనాలయ్యాక సూర్యప్రకాశ్ చేతులు నలుపుకుంటూ దొర ముందు పులికి చుట్టిన పంచె విప్పాడు. పులి పెళ్ళిబిందెలా ధగధగలాడుతోంది. నుదుట కుంకుమ బొట్టొకటి. దొర చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మాసిన వస్తువు అతిథి చేతిలో పెట్టకూడదండీ," అంది శేషుకుమారి తన బడి ఇంగ్లీషులో. "జూన్‌లో వెళ్ళిపోతున్నాం. మా బడి తెరుస్తారు."

"మరి మూడేళ్ళు కావాలన్నావే?" అన్నాడు దొర.

"అబ్బే, అదీ..." అన్నాడు సూర్యప్రకాశ్.

దొర ఇద్దరినీ చూసి నవ్వేశాడు. "ఈ పులి మీ ఇంటిదైపోయింది. వెంట తీసుకెళ్ళండి."

ఆయన గుమ్మం దాటాక మొగుడు లబోదిబోమన్నాడు. "ఎంత పని చేశావే! తెలిసే తోమావా?"

"తెలిసే. నన్నొక్క మాట అడిగారా?" "పరాయిదేశం పంపడానికే దీన్ని చేశారు, పాపం. నేనూ అంతే అనుకున్నారా?"

సూర్యప్రకాశ్‌కి నిజంగానే సిగ్గేసింది.

ఇప్పుడు పులి తెనాలిలో ఉంది. ఆవిడ బడికెళ్ళాక, కొత్త ఉద్యోగం వెతుక్కునే తీరికలో, దాన్ని తోమేది సూర్యప్రకాశే. చింతపండు మాత్రం ఆవిడే తీసిస్తుంది.