ఇరవై తొమ్మిది అత్యున్నత డిఫెన్సులు

అమెరికా దేశంలోని ముప్ఫై రెండు ఫుట్‌బాల్ జట్లలో ఇరవై తొమ్మిదింటి డిఫెన్సు, అంటే ప్రత్యర్థిని పాయింట్లు చెయ్యనీయకుండా అడ్డుకునే దళం, అత్యున్నత శ్రేణికి చెందినదని ఆటల నిపుణుడు లెన్ హ్రుష్కా గారు మంగళవారం టీవీలో అధికారికంగా ప్రకటించారు. మిగిలిన మూడు ‘అత్యున్నతానికి అతి చేరువ’లో ఉన్నాయన్నారు. ఎవరి మనసూ నొప్పించకూడదని తెల్లవార్లూ శ్రమించి కనిపెట్టిన శ్రేణి అది. అయినా ఆ మూడింట్లో ఒకటి ఒహాయోలోని ఆయన సొంత ఊరి జట్టే కావడం నిజాయతీ వల్ల జరిగిన ప్రమాదం.

తల్లి డొలోరెస్ ఫోన్ చేసింది. గురువారం థాంక్స్‌గివింగ్ విందుకు రావచ్చనీ, కూర్చోవడం మాత్రం పిల్లల బల్ల దగ్గరేననీ చెప్పింది. లెన్ గారికి యాభై నాలుగేళ్లు. తండ్రి పోయాక ఆ ఇంట్లో పెద్దకుర్చీ ఆయనదే. అది పోతుందనేసరికి రాత్రికి రాత్రే లెక్కల కాగితాలు మళ్లీ తీశారు.

బుధవారం ప్రత్యేక కార్యక్రమంలో ఆయన లెక్క సవరించారు. ప్రత్యర్థుల పాయింట్లలో ఊరి పక్క సరస్సు గాలి చేసినవి, రిఫరీలు చేసినవి, మనవాళ్లే బంతి జారవిడిచి సమర్పించుకున్నవి తీసేశారు. బలమైన జట్ల చేతిలో ఓటములను కూడా కొట్టేశారు, వాళ్లు ఎలాగూ గెలిచేవాళ్లే గనక. ఇక మిగిలిన ఆటలో మన డిఫెన్సును మించింది భూమ్మీద లేదు.

గురువారం పెద్దకుర్చీ దక్కింది, విందులో టర్కీ కోడి కాలూ దక్కింది. టీవీలో ఊరి జట్టు ఆట సగమయ్యేసరికి మనవాళ్లు ముప్ఫై ఎనిమిది పాయింట్లు సమర్పించుకున్నారు.

అందరూ టీవీ వదిలి లెన్ గారి వైపు చూశారు. పొగిడి దిష్టి పెట్టాడని మామయ్య యూజీన్ తేల్చాడు. మొన్నటిదాకా తిట్లు తిని సిగ్గుతోనైనా ఆడేవాళ్లట కుర్రాళ్లు. డొలోరెస్ కొడుకు పళ్లెం తీసుకెళ్లి పిల్లల బల్ల మీద పెట్టింది.

లెన్ గారికి ఏడుపొచ్చినంత పనైంది. “అమ్మా, మంగళవారం నేను చెప్పింది నిజమే కదే?”

“నిజం మాకు తెలీదట్రా? ప్రతి ఆదివారం చలిలో కూర్చుని కళ్లారా చూస్తూనే ఉన్నాంగా. మా కళ్లు చెప్పేదే నువ్వూ చెప్పేటట్టయితే ఇంక టీవీ దేనికి?”

బంధువులంతా అవునన్నారు. ఇంతలో మరో నిపుణుడు తెర మీదికొచ్చి, ఇలాంటి డిఫెన్సు దేశంలో ఇంకొకటి లేదని మొదలుపెట్టాడు. యూజీన్ శబ్దం పెంచాడు.